కామేశ్ వేసిన అంకె

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో కామేశ్‌కి ఒకటే పిచ్చి. ఏ హైస్కూల్లో ఇంగ్లీషు క్లాసు జరుగుతున్నా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంటాడు. క్లాసు అయ్యాక లేచి, చొక్కా కిందికి లాక్కుని, ఆ మాస్టారికి ఒక అంకె చెప్పి వెళ్ళిపోతాడు. బాగుందనడు, బాగాలేదనడు. "నాలుగు, సార్." "మూడు, మేడం." అంతే, గుమ్మం దాటేస్తాడు. పూండి నుంచి పలాస మీదుగా టెక్కలి దాకా వాడిచేత అంకె వేయించుకోని ఇంగ్లీషు మాస్టారు లేడని మా హెడ్మాస్టరు కూర్మయ్యగారు నవ్వుతూ చెబుతుంటారు. కూర్మయ్యగారు చెప్పేది లెక్కలు. అందుకే ఆయనకి నవ్వొస్తుంది.

ఇంగ్లీషు చెప్పేది నేను. పేరు శ్యాంసుందర్. అక్కుపల్లికి కాస్త ఇవతల, సముద్రం చప్పుడు కిటికీలోంచి వినిపించేంత దూరంలో ఉంది మా బడి. రోజూ టెక్కలి నుంచి బండి మీద వచ్చి వెళతాను. నా క్లాసుకి ఒక ప్రత్యేకత ఉంది, వేగం. ప్రశ్న వేశానంటే జవాబు రావాలి. రాకపోతే నా చూపుడువేలు పక్కవాడి మీదికి వెళ్ళిపోతుంది, నోట్లోంచి "నెక్స్ట్" అని వచ్చేస్తుంది. ముప్పావుగంటలో అరవై ప్రశ్నలు వేయగలను. పిల్లలు నాకు నెక్స్ట్ మాస్టారని పేరు పెట్టారు. అది మెచ్చుకుని పెట్టిన పేరేనని చాలాకాలం అనుకున్నాను.

చెప్పబోయేది కామేశ్ గురించే అయినా సిగ్గుపడాల్సింది నేను కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. వాడు అంకెలు వేస్తూ తిరిగిన ఆ నాలుగు నెలలూ ఎనిమిదో తరగతిలో ఇందు అనే అమ్మాయి బడికి రాలేదు. డిసెంబరు నెలాఖరులోగా రాకపోతే పేరు తీసేయాలి. నేను ఆ తరగతికి క్లాస్ టీచర్ని. వెతికి తీసుకురమ్మని కూర్మయ్యగారు నాకు మూడుసార్లు చెప్పారు. నేను వెతకలేదు. నా అంకె సంగతేమిటా అని ఆరా తీస్తూ తిరిగాను.

వాడు నాకు మొదటిసారి అంకె వేసింది ఆగస్టులో. ఆ రోజు క్లాసు రైలులా పోయింది. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ పుస్తకం మూస్తుంటే కామేశ్ లేచి నిలబడ్డాడు.

"రెండు, సార్."

"ఏటి రెండు?"

వాడు నోరు తెరిచాడు. "సర్లే, పద," అని నేను బయటికి వెళ్ళిపోయాను. నాకు ఎనిమిదో తరగతిలో ఇంకో అరవై ప్రశ్నలున్నాయి.

స్టాఫ్ రూములో కూర్మయ్యగారు టీ తాగుతున్నారు. "మీకెంతేసినాడండీ?" అన్నారు.

"రెండు."

"పూండి మాస్టారికి నాలుగేసినాడట. మా బావమరిది చెప్పాడు."

నాకు విషయం అర్థమైపోయింది. నాకు ఏ విషయమైనా తొందరగానే అర్థమవుతుంది, అదే నా జబ్బు. ఆయనకి నాలుగు, నాకు రెండు. అంటే ఇవి స్థానాలు. మా ఉద్దానం ప్రాంతం మొత్తానికి నేను రెండో స్థానంలో ఉన్నానన్నమాట. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడ జానకికి చెప్పాను.

"ఎవరిచ్చేరు?" అంది చేపల పులుసు కలుపుతూ.

"అన్ని బళ్ళూ తిరిగి చూసిన ఒక నిపుణుడు."

"వయసెంత?"

"పద్నాలుగు."

ఆవిడ మళ్ళీ పులుసు వైపు తిరిగింది.

అన్ని బళ్ళూ తిరిగి చూశాడన్నది మాత్రం అబద్ధం కాదు. కామేశ్ సంచిలో పుస్తకాల కంటే చొక్కాలు ఎక్కువ ఉండేవి. మేనత్త కొడుకు చొక్కా వేసుకుంటే పూండి బడి, పక్కింటివాడి టై కట్టుకుంటే పలాస బడి. బుధవారం మధ్యాహ్నం భోజనాలు కాగానే మాయమయ్యేవాడు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనికెళ్ళే ఆడవాళ్ళ ఆటోలో ఒక అంచున కూర్చుని వెళ్ళి, తిరుగు ఆటోలో వచ్చేవాడు. ఒకసారి తొందరలో పలాస టై కట్టుకుని కింద పూండి నిక్కరు వేసుకెళ్ళాడట. గేటు దగ్గర వాచ్‌మన్ పట్టుకున్నాడు.

"ఏ బడిరా నీది?"

"మెడకాడికి మీ బడేనండి," అన్నాడట వీడు.

వాచ్‌మన్ నవ్వు ఆపుకునేలోగా లోపలికెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. అక్కడ ఇంగ్లీషు చెప్పేది ప్రదీప్ అనే మాస్టారు. మైకులో చెబుతాడు. ప్రశ్న తనే వేసి, జవాబూ తనే చెప్పేస్తాడు, మధ్యలో ఊపిరి కూడా పీల్చుకోడు. ఆయనకి వీడు ఒకటి వేశాడు. నెల తిరక్కుండా ఆ బడి గేటు మీద "నంబర్ వన్ ఇంగ్లీష్" అని ఫ్లెక్సీ లేచింది. ఎవరన్నారో మాత్రం దాని మీద రాయలేదు. నేను ఒక ఆదివారం పనిగట్టుకుని ఆయనింటికి వెళ్ళి చెయ్యి కలిపి వచ్చాను. మొదటి స్థానం ఎలా ఉంటుందో చూడాలి కదా.

"మీకెంత?" అన్నాడాయన.

"రెండు."

"పర్లేదండీ, దగ్గరికొచ్చేశారు," అని భుజం తట్టాడు.

అక్టోబరులో టెక్కలిలో మాకు మూడు రోజుల శిక్షణ. అక్కడ ఒక బడిలో ఇంగ్లీషు చెప్పే సీతారత్నం మేడం నా పక్కన కూర్చున్నారు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. ఏదడిగినా కాసేపు ఊరుకుని గానీ మాట్లాడరు. మాటల్లో కామేశ్ సంగతి వచ్చింది. మీకెంత వేశాడండీ అని అడిగాను.

"తొమ్మిది," అన్నారావిడ, చాలాసేపటికి.

పాపం అనిపించింది. ఇన్నేళ్ళు చెప్పి తొమ్మిదో స్థానం. చుట్టూ చూసి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి ఓదార్చాను. "బాధపడకండి మేడం. తొమ్మిదంటే మరీ చివరేం కాదు. కాస్త కష్టపడితే వచ్చే ఏడాదికి మెరుగుపడుతుంది." ఆవిడ నన్నే చూస్తూ ఇంకా ఏమైనా చెబుతానేమోనని ఆగారు. నేను ఏమీ చెప్పకపోయేసరికి, "అలాగే మాస్టారూ," అని నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మెడ మీద చెమట పడుతుంది.

శిక్షణ అయిన మర్నాడు కామేశ్‌ని సైకిల్ స్టాండు దగ్గర ఆపాను.

"ఏరా, మొదటి స్థానానికి రావాలంటే నేనేం చెయ్యాలి?"

"మొదటి స్తానమేటి సార్?"

"అదేరా. పలాస మాస్టారికి వేశావే, ఒకటి."

"ఒకటి తక్కువ సార్. పెద్దంకే మంచిది."

నా చేతిలో బండి తాళం కింద పడింది. "మరి పెద్దంకె ఎవరికి?"

"టెక్కిలి మేడంకి సార్. తొమ్మిది."

"నాకు?"

"రెండే సార్."

"అసలు దేనికేస్తున్నావురా ఇవి?"

వాడు నేలచూపులు చూశాడు. మాట వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిలాయి. అలవాటు ఎక్కడికి పోతుంది, నా వేలు పక్కకి తిరిగిపోయింది. "చెప్పవన్నమాట. నెక్స్ట్," అనేశాను. వేలికెదురుగా ఒక సైకిలు తప్ప ఎవరూ లేరు.

పదికి రెండు. ఆ రాత్రి అన్నం సహించలేదు. బి.ఇడి.లో యూనివర్సిటీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. మర్నాటి నుంచి క్లాసు మెరుగుపరిచే పనిలో పడ్డాను. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసి ఇన్‌షర్ట్ చేశాను. "రెండు, సార్." ఫోన్లో విని నాలుకని విదేశీ పద్ధతిలో తిప్పడం నేర్చుకున్నాను. ముందు బెంచీ పిల్లలు మొహాలు తుడుచుకున్నారు. "రెండు, సార్." పాఠానికి అభినయం చేశాను, ముసలమ్మలా నడిచాను, గుర్రంలా సకిలించాను. పక్క తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూసి చప్పట్లు కొట్టారు. "రెండే, సార్."

చివరికి పెద్ద డిజిటల్ బోర్డు ముందు నిలబడి, ప్రశ్న పడగానే జవాబు దానంతటదే మెరిసేలా ఏర్పాటు చేశాను. ఒక్క పిల్లవాడు కూడా నోరు విప్పే పని లేకుండా క్లాసు నడిచిపోయింది. నాకే ముచ్చటేసింది. కామేశ్ లేచాడు. చొక్కా లాక్కున్నాడు. నా మొహం చూసి కాస్త జాలిపడ్డాడు కూడా.

"ఒకటిన్నర, సార్."

ఇంకో సంగతి. వాడు నా క్లాసులో కుదురుగా కూర్చునేవాడు కాదు. నేను ఎవరినైనా ప్రశ్న అడగ్గానే బెంచీ కింద వాడి కాలి బొటనవేలు నేల మీద టక్కు టక్కు మని ఆడేది. ఇది నన్ను వెక్కిరించడానికేనని నిర్ణయించుకున్నాను. చెప్పాను కదా, నాకు తొందరగా అర్థమవుతుంది.

డిసెంబరు మూడో వారంలో నా కోపం పొంగిపోయింది. బుధవారాలు ఎగ్గొడుతున్నాడనీ, వేరే బళ్ళ బట్టల్లో తిరుగుతున్నాడనీ కూర్మయ్యగారికి చెప్పాను. "పోనీండి మాస్టారూ, కుర్రగుంటడు," అన్నారాయన. నేను ఊరుకోలేదు. మర్నాడు ప్రార్థన సమయంలో మూడు వందల మంది పిల్లల ముందు వాణ్ణి పిలిచి నిలబెట్టాను.

"ఎందుకురా ఊళ్ళమ్మట తిరుగుతున్నావు? అందరి ముందూ చెప్పు."

వాడు నావైపు చూశాడు. చెప్పాలనే అనుకున్నాడు. నాకు ఇప్పుడు తెలుసు. నోరు తెరిచాడు, మొదటి మాట పెదవి దాకా వచ్చింది.

"చెప్పవు కదా. నెక్స్ట్," అన్నాను.

బడి మొత్తం ఘొల్లుమంది. కామేశ్ చెవులు ఎర్రబడ్డాయి. వరుసలు కదిలాక నా పక్కనుంచి వెళుతూ, నాకొక్కడికే వినపడేలా, "ఇప్పుడూ రెండే సార్," అని వెళ్ళిపోయాడు. మరి రెండు రోజులు బడికి రాలేదు.

శుక్రవారం సాయంత్రం కూర్మయ్యగారు నన్ను పిలిచారు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"ముందే ఇందు లేదు. ఇప్పుడు కామేశూ లేడు. ఆ పిల్ల పేరు తీసేయడానికి ఇంక పది రోజులే ఉన్నాయి మాస్టారూ. రేపు పొద్దున్నే వెళ్ళండి. ఇద్దరిదీ ఒకటే ఇల్లు."

"ఒకటే ఇల్లా?"

"కామేశ్ పిన్ని కూతురు కదండీ ఇందు. అమ్మానాన్నా చేపల వేటకని గుజరాతు ఎళ్ళిపోతే తాతగారింట్లో ఉంటాది. మీకు తెల్దా?"

నాకు తెలియదు. నాలుగు నెలల నుంచి రోజూ ఆ పేరు పిలిచి, ఆగకుండా కింది పేరుకి వెళ్ళిపోతున్నాను.

శనివారం తెల్లవారేసరికి ఒడ్డుకి వెళ్ళాను. వాళ్ళ తాత సన్యాసయ్య ఎక్కడుంటాడని అడిగితే బోటు దగ్గరని చూపించారు. ఫైబరు బోటుని ఎనిమిది మంది రెండు పక్కలా పట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నారు. ముందు ఒక ముసలాయన, సముద్రానికేసి చూస్తూ, కుడిచెయ్యి పైకెత్తి ఉంచాడు. పక్కన కామేశ్. ఎవరూ మాట్లాడ్డం లేదు.

"సన్యాసయ్యగారూ, నేను బడి నుంచి," అని మొదలుపెట్టాను.

"ఉండండి బాబూ," అన్నాడాయన, వెనక్కి తిరక్కుండా.

ఉన్నాను. కెరటం ఒకటి విరిగింది. ముసలాయన కాలి బొటనవేలు తడి ఇసక మీద కొట్టుకోవడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్ళీ కెరటం వచ్చి విరిగింది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి ఆరు. చెయ్యి దించలేదు. తర్వాత ఐదు. ఎనిమిది మందీ అలాగే నిలబడ్డారు, ఒక్కరు కూడా తొందరపెట్టలేదు. నాకు మాత్రం నాలుక దురదపెడుతోంది. ఇంకో కెరటం విరిగాక ఏడు దాటింది, ఎనిమిది దాటింది. తొమ్మిదికి ఆయన చెయ్యి దించాడు. బోటు సుతారంగా నీళ్ళలోకి జారిపోయింది.

కామేశ్ బొటనవేలు కూడా ఆడుతూనే ఉంది. బెంచీ కింద ఆడినట్టే ఆడుతోంది.

నాకు ఆ క్షణంలో ఏదో తట్టింది కానీ పూర్తిగా తట్టలేదు. సన్యాసయ్య నా దగ్గరికి వచ్చి, తలపాగా విప్పి దణ్ణం పెట్టాడు. ఆయనకేం తెలుసు, దణ్ణం పెట్టించుకునే మొహం కాదని.

"కెరటానికీ కెరటానికీ మజ్జిన ఎడం సూడాల బాబూ," అన్నాడు. "అయిదుకే నెట్టీసినామంటే బోటు అడ్డం తిరిగిపోద్ది. ఎడం వచ్చీదాకా సెయ్యెత్తి ఉంచడమే మా పని. ఈ లెక్క ఈడికి నానే నేర్పినాను. ఈడు దాన్ని అట్టుకెల్లి బళ్ళమ్మట తిరుగుతన్నాడు."

"బళ్ళలో ఈ లెక్కెందుకు?" అన్నాను.

ముసలాయన కామేశ్ వైపు చూశాడు. కామేశ్ నావైపు చూశాడు. నోరు తెరిచాడు, ఆగాడు. నా నాలుక చివర "నె" వచ్చి నిలబడింది. పళ్ళు బిగించి పట్టుకున్నాను. కెరటం ఒకటి వచ్చి విరిగింది.

"పెశ్న అడిగినాక మాస్టారు ఎంతసేపు ఆగుతారా అని సార్," అన్నాడు కామేశ్. "ఎనక బెంచీ వోళ్ళని అడిగినప్పుడు లెక్కెడతాను. మా ఇందూకి మాట రావాలంటే ఆరు పడతాది. అంతకి తగ్గితే రాదు."

"నాకిది ముందే ఎందుకు చెప్పలేదురా?"

"మూడుసార్లు సెప్పబోనాను సార్. మీరు నెక్స్ట్ అనీసినారు."

ఇలాంటప్పుడు మనిషి ఏం చెయ్యాలో బి.ఇడి.లో చెప్పలేదు. ఒడ్డున ఇంకో బోటు నీడన వల పక్కన కూర్చున్న ఒక అమ్మాయి నన్ను చూసి, క్లాసులోలాగా చేతులు కట్టుకుని లేచి నిలబడింది. అప్పుడు గుర్తుపట్టాను. జూలైలో, గొడుగు పాఠం. ఒక అమ్మాయి దుకాణం నుంచి పొరపాటున వేరేవాళ్ళ గొడుగు తెచ్చేసి, మళ్ళీ ఇవ్వడానికి వెనక్కి వెళుతుంది. ఎందుకు వెళ్ళిందని ఈ పిల్లని అడిగాను. లేచింది, నోరు తెరిచింది, మొదటి అక్షరం దగ్గర ఆగింది. నేను నెక్స్ట్ అన్నాను. నాకు అది అరవై ప్రశ్నల్లో ఒకటి.

"ఆ రోజుకాడి నుంచి పిల్లలందరూ దీన్ని నెక్స్టూ, నెక్స్టూ అని పిలిసీవోరు బాబూ," అన్నాడు సన్యాసయ్య, ఏ కోపమూ లేకుండా. అది ఇంకా కష్టంగా ఉంది. "దీనికి మాట రాక కాదు, నెమ్మదిగా వత్తాది. టెక్కిలి మేడం బాగా ఆగుతాదని ఈడు సెప్పినాడు. జనవరిలో ఆస్టల్లో ఎయ్యాలనుకున్నాం. ఇది ఎల్లనంటాది. అక్కడ సముద్రం సప్పుడు ఇనపడదంట. ఎల్లకపోతే మరింక పలాస, వోళ్ళత్తతో జీడిపిక్కలు కొట్టడానికి."

నేను మారుపేరు పెట్టి పంపించేసిన పిల్ల కోసం ఈ కుర్రాడు అరువు చొక్కాలు వేసుకుని జిల్లా తిరిగాడు. వాణ్ణి నేను మూడు వందల మంది ముందు దొంగలా నిలబెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటారు చూడండి, అది మాటవరసకి అనే మాట కాదని అప్పుడు తెలిసింది.

కామేశ్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "ఒక్క మాట సార్. ఇందూకి మాత్రం మీకు ఆరేసినానని సెప్పినాను."

ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. ఊరుకుంటే వాడే చెప్పాడు.

"దానికి మన బడంటేనే ఇట్టం సార్. మీది రెండని తెలిత్తే మీ మీద బయం పోదు. ఆరుకొచ్చీసినారని సెప్తే ఎప్పుడోకప్పుడు వత్తాదని. మీరు కూడా ఏదో రోజు ఆరుకొత్తారు కదా అని రోజూ సూత్తన్నాను."

నేను చొక్కా మార్చి, నాలుక తిప్పి, గుర్రంలా సకిలించిన రోజులన్నీ వాడు వెనక బెంచీలో కూర్చుని నాకోసం ఆశపడ్డాడన్నమాట. ఇందు దగ్గరికి వెళ్ళాను.

"సోమవారం బడికి వస్తావామ్మా?"

సన్యాసయ్య తనకి తెలియకుండానే కుడిచెయ్యి కాస్త పైకెత్తాడు. నేను ఆగాను. మూడు. నాలుగు. ఆ పిల్ల మెడలో నరం కదిలింది. ఐదు. ఆరు.

"మ... మీకు ఆరేనా సార్?"

"ఆరే అమ్మా," అన్నాను. నా మార్కుల గురించి నేను తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే.

అబద్ధం నిజం చేసుకోవడానికి నా దగ్గర ఆదివారం ఒక్కటే ఉంది. ఇంట్లో సాధన మొదలుపెట్టాను. "జానకీ, ఇవాళేం కూర?" అని అడిగి, బొటనవేలు ఆడిస్తూ నిలబడ్డాను.

"ఏటలా సూస్తన్నారు? నోరు పడిపోయిందేటి?" అంది. నేను మాట్లాడలేదు. "ఒంట్లో బాగానే ఉందా?" నేను మాట్లాడలేదు. ఏడో లెక్కకి ఆవిడ గరిటె పక్కన పెట్టి కూర్చుంది. వాళ్ళ నాన్నగారి సంగతి, తను ఆపేసిన కుట్టుమిషను సంగతి, మా పెళ్ళిలో నేను ఆవిణ్ణి ఒక మాటడిగి జవాబు వినకుండా ఫొటోకి వెళ్ళిపోయిన సంగతి చెబుతూ కూర్చుంది. పద్నాలుగేళ్ళలో నేను విననివి. ఆ పూట కూర మాడిపోయింది.

సోమవారం ఎనిమిదో తరగతి. ఇందు మూడో బెంచీలో కూర్చుంది. గొడుగు పాఠమే తీశాను. తొమ్మిదో తరగతికి ఆ పీరియడ్ ఆటలు, కాబట్టి కామేశ్ కిటికీ బయట నిలబడి ఉన్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"ఇందూ. వై డిడ్ ద గర్ల్ గో బ్యాక్ టు ద షాప్?"

లేచింది. నోరు తెరిచింది. ఒకటి, రెండు. మొత్తం క్లాసు నా వేలు వైపు చూసింది. వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. మూడు, నాలుగు. వెనకెవరో కిసుక్కుమన్నారు, నేను ఆ వైపు చూడగానే ఆగిపోయారు. ఐదు, ఆరు. రాలేదు. ఆరు సరిపోతుందన్నారే అనుకున్నాను, ఇంతమందిలో ఆరు ఎలా సరిపోతుంది. ఏడు, ఎనిమిది. నా నుదుటి మీంచి చెమట పుస్తకం మీద పడింది. అటుగా వెళుతున్న కూర్మయ్యగారు, నా క్లాసు ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ వినలేదు కాబట్టి, నాకేమైనా అయిందేమోనని కంగారుగా గుమ్మంలోకి వచ్చారు. నేను ఆయనకి కుడిచెయ్యి ఎత్తి చూపించాను. ఆయన చప్పుడవకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అక్కడే ఆగిపోయారు. తొమ్మిది. నా నోట్లోంచి "నె" అని సగం వచ్చేసింది, దగ్గుగా మార్చేశాను. పది. పదకొండు.

"టు... గివ్ బ్యాక్... ద అంబ్రెల్లా... సార్."

ఎవరూ నవ్వలేదు. ఇందు కూర్చోలేదు. ఇంకా ఏదో ఉన్నట్టుంది. ఆగాను.

"ఆ... ఆ రోజూ తెలుసు సార్."

"నాకే తెలియలేదమ్మా," అన్నాను. "తప్పు నాది." ఈ మాట అందరికీ వినపడాలని కాస్త గట్టిగానే అన్నాను. ప్రార్థనలో కామేశ్ విషయంలోనూ తప్పు నాదేనని ఆ వెంటనే చెప్పేశాను, తర్వాతైతే ధైర్యం చాలదని.

కిటికీ బయట కామేశ్ చొక్కా కిందికి లాక్కున్నాడు.

"పదకొండు సార్," అన్నాడు. నాకు కళ్ళు చెమర్చేలోగా, "కానీ తొమ్మిది కాడ మీరు 'నె' అన్నారు. దగ్గు కాదది, నానిన్నాను. తొమ్మిదే ఏత్తాను."

ఆ ఏడాది ఇందు పేరు తీసేయలేదు. కామేశ్ ఇప్పుడు టెక్కలిలో ఇంటర్ చదువుతున్నాడు, అక్కడి లెక్చరర్లకి అంకెలు వేస్తున్నాడని వినికిడి.

ఆ సోమవారం సాయంత్రం బండి ఆపి, ఒక ఫోను చేశాను. చెయ్యకపోతే నిద్ర పట్టేది కాదు. సీతారత్నం మేడం ఎత్తారు.

"మేడం, అక్టోబరులో నేను మీకు ఓదార్పు చెప్పాను. మీరు ఎందుకు ఊరుకున్నారు? ఆ అంకెలేమిటో మీకు తెలుసు కదా?"

అటుపక్క నుంచి చప్పుడు లేదు. నేను బొటనవేలితో లెక్కపెట్టుకుంటూ ఆగాను.

"తెలుసు. ఆ అబ్బాయిని అడిగాను, చెప్పాడు," అన్నారావిడ. "మీరేమైనా అడుగుతారేమోనని చూశాను. మీకెంతొచ్చింది ఇవాళ?"

"తొమ్మిది," అన్నాను.

మళ్ళీ చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, ఎవరూ వినకుండా చెబుతున్నట్టు గొంతు తగ్గించి అన్నారు:

"బాధపడకండి మాస్టారూ. తొమ్మిదంటే మరీ చివరేం కాదు. కాస్త కష్టపడితే వచ్చే ఏడాదికి మెరుగుపడుతుంది."